మధ్యాహ్నం ఎవరిది, సాయంత్రం ఎవరిది: ప్రజా టెలివిజన్ వేళలపై యాభై ఏళ్ల వాదన

ప్రజల డబ్బుతో నడిచే టెలివిజన్ మధ్యాహ్నం పూట ఏం చూపించాలి? సాయంత్రం ఏం చూపించాలి? పైపైన చూస్తే ఇది దూరదర్శన్ ఆఫీసులో కార్యక్రమాల పట్టిక వేసే ఉద్యోగి తేల్చుకోవాల్సిన సంగతి. కానీ 1975 నుంచి ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు, ప్రభుత్వ కమిటీలు, పార్లమెంటు, సుప్రీంకోర్టు, ప్రకటనలిచ్చే కంపెనీలు, ప్రేక్షకులు దీనిమీద తలా ఒక మాట అన్నారు. ఒకరు చదువు అన్నారు, ఒకరు వినోదం అన్నారు. ఒకరు స్వేచ్ఛ ముందన్నారు, ఇంకొకరు ఊరి గొంతు ముందన్నారు. మాటలు పేరుకున్నకొద్దీ అసలు ప్రశ్న అడుగున పడిపోయింది.

ఆ వాదనలన్నిటినీ ఒకచోట పేర్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. కొలబద్దగా కోయిలకుంట్లను తీసుకుంటున్నాం. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి విడివడిన నంద్యాల జిల్లాలోది ఈ ఊరు. కుందూ నది ప్రాంతం, నల్లరేగడి నేల, వాన మీదా మంచు మీదా ఆధారపడే శనగ, జొన్న, పత్తి. హైదరాబాదుకూ విజయవాడకూ సమాన దూరంగా అనిపించే ఇలాంటి చోటికి ఏం అందింది, ఏం అందలేదు అని చూస్తేనే ప్రజా టెలివిజన్ బలాబలాలు తెలుస్తాయి.

మొదలు: పల్లె కోసం పుట్టిన సాయంత్రం

ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగాత్మకంగా 1959 సెప్టెంబరు 15న మొదలైంది. పల్లెకు వచ్చింది మాత్రం సైట్ ప్రయోగంతో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఢిల్లీ, కటక్‌లతోపాటు హైదరాబాదులోనూ కార్యక్రమాలు తయారుచేసే కేంద్రం పెట్టారు.

పరికరాలు చాలా మామూలువి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వల లాంటి జాలీతో మూడు మీటర్ల వెడల్పు గొడుగు యాంటెన్నా, దాని కింద ఊరందరికీ కలిపి ఒక టీవీ పెట్టె. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఆ పెట్టె ఉండేది. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఆ సాయంత్రాన్ని హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషలు పంచుకున్నాయి. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పశువుల పెంపకం అందులోని విషయాలు. దీని వెనుక ఉన్న ఆలోచన అంతరిక్ష శాస్త్రవేత్త విక్రం సారాభాయిది. పట్నంలో డబ్బున్నవాళ్లకు ముందు, పల్లెకు తర్వాత అన్న వరసను తిరగేయాలని ఆయన పట్టుబట్టారు. 1971లో ఆయన కన్నుమూసినా ఆ ఆలోచన నిలిచింది.

ఫలితాల మీద తర్వాత జరిగిన అధ్యయనాలు రెండు సంగతులు చెప్పాయి. చదువురానివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, కొత్త సంగతులు బాగా తెలిశాయి. దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా అందింది. కానీ చూసిన పద్ధతిని పొలంలో పెట్టడం మాత్రం అంతగా జరగలేదు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న ఆ దూరమే తర్వాతి వాదనలన్నిటికీ మూలం.

1977 నుంచి 1995: వేళలు నిండిన తీరు

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రసారాలు ప్రారంభించింది. మొదట్లో సాయంత్రం కొన్ని గంటలే. 1982 ఆగస్టు 15న ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం, దానితోపాటు రంగుల ప్రసారం వచ్చాయి. ఆ ఏడాది నవంబరులో జరిగిన ఆసియా క్రీడలు పట్టణాల్లో టీవీ కొనుగోళ్లకు ఊపునిచ్చాయి. 1984లో దేశమంతటా తక్కువ శక్తి గల రిలే కేంద్రాలు వరసగా వెలిశాయి.

రాయలసీమ వంటి ప్రాంతాలకు ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆ రిలే కేంద్రాలు ఉపగ్రహం నుంచి దిగిన ఢిల్లీ ప్రసారాన్నే తిరిగి వదిలేవి. హైదరాబాదులో తయారైన తెలుగు కార్యక్రమం రాష్ట్రమంతటికీ చేరడానికి, దానికి ఉపగ్రహంలో చోటు దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. రిలే కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో ఇంటిమీద పొడవాటి గొట్టానికి యాంటెన్నా కట్టి, బొమ్మ తేలేదాకా తిప్పుతూ ఉండటం ఆనాటి అలవాటు.

తెలుగు సాయంత్రానికి ఒక రూపం 1980లలో ఏర్పడింది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు టీవీ వార్తలు చదివారు. టెలీప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో చేతిలో కాగితాలు, మనసులో పాఠం, తొణకని గొంతు. ఆయన 2011లో పదవీ విరమణ చేశారు, 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. రైతుల కార్యక్రమం, ఏడు గంటల వార్తలు, శుక్రవారం సాయంత్రం చిత్రలహరి, ధర్మవరపు సుబ్రహ్మణ్యం నటించిన ఆనందోబ్రహ్మ వంటి హాస్య ధారావాహికలు, వారానికో తెలుగు సినిమా. ఎనిమిదిన్నర దాటితే మళ్లీ ఢిల్లీ.

మధ్యాహ్నం నిండటానికి ఎక్కువ కాలం పట్టింది. 1984 ఆగస్టు 15 నుంచి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పాఠాలు పగటి వేళల్లో మొదలయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషల అవార్డు చిత్రాలు వచ్చేవి. తెలుగింటివాళ్లు మలయాళం, బెంగాలీ సినిమాలు చూసింది ఆ వేళలోనే. పూర్తిస్థాయి మధ్యాహ్న ప్రసారం 1989 జనవరి 26న వచ్చింది. 1990లలో మంజులా నాయుడు దర్శకత్వంలో వచ్చిన ఋతురాగాలు, మధ్యాహ్నం దాటాక తెలుగింట్లో టీవీ ముందు కూర్చునే అలవాటును స్థిరపరిచింది. తర్వాత ప్రైవేటు ఛానళ్లు నిర్మించుకున్న డైలీ సీరియల్ సామ్రాజ్యానికి దారి వేసింది ప్రజా టెలివిజనే.

1995 తర్వాత: పోటీ, విభజన, కొత్త గొడుగు

1995లో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. సినిమాలూ సీరియళ్లూ అటు తరలిపోయాయి. రైతుల కార్యక్రమాన్ని కూడా ఈటీవీ అన్నదాతతో గట్టిగా అందిపుచ్చుకుంది. సేద్యం గురించి చెప్పడం ప్రభుత్వ టీవీకి మాత్రమే చెల్లుతుందన్న నమ్మకం దాంతో పోయింది.

2014లో రాష్ట్రం విడిపోయాక సెప్టెంబరులో హైదరాబాద్ కేంద్రం డీడీ యాదగిరిగా, విజయవాడ కేంద్రం డీడీ సప్తగిరిగా వేరయ్యాయి. కోయిలకుంట్ల సప్తగిరి పరిధిలోకి వచ్చింది. 2015 మే 26న జాతీయ స్థాయిలో రైతుల ఛానల్ డీడీ కిసాన్ మొదలైంది. 2021-22లో పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దేశమంతటా దాదాపుగా మూసేశారు. ఇంటిమీది పాత యాంటెన్నాకు ఇక పనిలేదు. 2004 డిసెంబరులో మొదలైన ఉచిత డీటీహెచ్ సేవ, ఇప్పటి డీడీ ఫ్రీ డిష్, ఆ చోటు తీసుకుంది. ఒకసారి గొడుగు, పెట్టె కొనుక్కుంటే నెలనెలా కట్టాల్సింది లేదు కాబట్టి పేదింటికి అదే దారి.

2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు సప్తగిరి ఆంధ్రప్రదేశ్ పిల్లలకు, యాదగిరి తెలంగాణ పిల్లలకు పాఠాలు చెప్పాయి. స్మార్ట్‌ఫోనూ ఇంటర్నెట్టూ లేని ఇంటికి చదువు చేరిన తోవల్లో అదొకటి. సైట్ నాటి ఆలోచన నలభై అయిదేళ్ల తర్వాత మళ్లీ అవసరమైంది.

నాలుగు వాదాలు

*మొదటిది, బోధన వాదం.* ప్రజా టెలివిజన్ పని నేర్పడం అంటుంది. సారాభాయి, సైట్, యూజీసీ పాఠాలు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం టీవీ పాఠాలు, ఇవన్నీ ఈ వరసలోవే. 1982లో నియమితమై 1980ల నడుమ నివేదిక ఇచ్చిన పి.సి. జోషి కమిటీ కూడా, దేశానికి తనదైన టెలివిజన్ కావాలంటూ, అందులో పల్లెకూ ఆడవాళ్లకూ సరైన చోటు లేదని చెప్పింది. ఈ వాదం బలం దాని నిజాయితీ. బలహీనత ఏమిటంటే, నేర్పేవాడికి తెలిసినదే ముఖ్యం, వినేవాడికి కావలసింది తర్వాత అన్న ధోరణి. పాఠం మంచిదే అయినా వేళ తప్పితే ఎవరూ చూడరు.

*రెండోది, వినోద వాదం.* చూసేవాళ్లుంటేనే చెప్పేదానికి విలువ అంటుంది. 1976 జనవరి 1 నుంచి దూరదర్శన్‌లో ప్రకటనలు వచ్చాయి. 1984 జూలై 7న మొదలైన హమ్ లోగ్ కుటుంబ నియంత్రణ, స్త్రీల స్థితి వంటి అంశాలను కథలో కలిపి చెప్పింది. మెక్సికోలో మిగుయెల్ సబీదో చేసిన ధారావాహికలు దానికి ప్రేరణ. 1987 జనవరి నుంచి రామాయణం, 1988 అక్టోబరు నుంచి మహాభారతం ఆదివారం ఉదయాలను ఆక్రమించుకున్నాయి. 2020 మార్చి 28 నుంచి రామాయణాన్ని మళ్లీ వేసినప్పుడు కూడా జనం కదిలారు. ఈ వాదం బలం ప్రేక్షకుల మీద గౌరవం. బలహీనత, ప్రకటనలు రాని వేళనూ ప్రకటనలు రాని మనుషులనూ వదిలేయడం. మధ్యాహ్నం చూసే కూలి మనిషి కొనే వస్తువులు తక్కువ. అందుకే ఆమెకు కావలసినది ఆ పట్టికలోకి ఎక్కడం కష్టం.

*మూడోది, స్వతంత్ర వాదం.* ఏం చూపించాలన్నది ప్రభుత్వం తేల్చినంతకాలం మిగతా చర్చంతా వృథా అంటుంది. 1966లో చందా కమిటీ, 1978లో వర్గీస్ కమిటీ స్వతంత్ర సంస్థ కావాలన్నాయి. 1990లో అలాంటి సంస్థ కోసం ప్రసార భారతి చట్టం వచ్చింది, 1997లో అమల్లోకి వచ్చింది. ఈ మధ్యలో, 1995 ఫిబ్రవరి 9న, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో శాం పిట్రోడా కమిటీ ప్రసార భారతికి మరింత స్వేచ్ఛ ఇవ్వాలంది. ఈ వాదం లేకుంటే వార్తల వేళ అధికార ప్రకటనల వేళగా మారుతుంది. అయితే దీని చూపు ఢిల్లీ మీదే. స్వేచ్ఛ వచ్చిన సంస్థ ఆ స్వేచ్ఛను కోయిలకుంట్ల కోసం ఎలా వాడాలో ఇది చెప్పదు.

*నాలుగోది, స్థానిక వాదం.* ఊరివాళ్ల సంగతి ఊరివాళ్ల మాటలో రావాలంటుంది. దీనికి పెద్ద ఉదాహరణ గుజరాత్‌లోని ఖేడా. 1975లో అహ్మదాబాద్ అంతరిక్ష కేంద్రం పీజ్ అనే ఊళ్లోని చిన్న ట్రాన్స్‌మిటర్ నుంచి, చుట్టుపక్కల పల్లెజనం నటించిన, రాసిన కార్యక్రమాలు ప్రసారం చేసింది. 1984లో యునెస్కో దానికి బహుమతి ఇచ్చింది. తెలుగునాట దీని ఆనవాళ్లు రేడియోలో ఉన్నాయి. 1963లో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రం సీమ రైతులతో సీమ మాటలో మాట్లాడింది. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు చిన్న రేడియో నడిపారు, లైసెన్సు విధానం లేక మరుసటి ఏడాది మూతపడింది. 2008లో జహీరాబాద్ ప్రాంతంలో మెట్ట సేద్యం చేసే మహిళలు నడిపే సంగం రేడియో వచ్చింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్రను ఇక్కడి వృద్ధుల నోట విని భద్రపరచడం వంటి పని కూడా ప్రజా టెలివిజన్‌దేనని స్థానిక వాదులు అంటారు. వీరి బలం దగ్గరితనం. బలహీనత ఖర్చు, ఆపై ఊళ్లో పెత్తనం ఉన్నవాళ్ల చేతుల్లో పడిపోయే ప్రమాదం.

పక్కపక్కన పెట్టి చూస్తే

- బోధన వాదం సాయంత్రాన్ని పాఠంగా చూస్తుంది. గెలుపును నేర్చినదానితో కొలుస్తుంది. వేళ సంగతి దానికి పట్టదు.
- వినోద వాదం సాయంత్రాన్ని సంతగా చూస్తుంది. గెలుపును ప్రేక్షకుల సంఖ్యతో కొలుస్తుంది. కొనే శక్తి లేనివాళ్లు దాని లెక్కలోకి రారు.
- స్వతంత్ర వాదం సాయంత్రాన్ని పౌరుల చర్చా వేదికగా చూస్తుంది. గెలుపును ప్రభుత్వ జోక్యం తగ్గడంతో కొలుస్తుంది. జిల్లా దాకా దిగిరాదు.
- స్థానిక వాదం సాయంత్రాన్ని ఊరి రచ్చబండగా చూస్తుంది. గెలుపును ఎవరు మాట్లాడారన్నదానితో కొలుస్తుంది. డబ్బు ఎవరిస్తారన్నదానికి దాని దగ్గర సమాధానం లేదు.

నాలుగూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. హమ్ లోగ్ మొదటి రెండింటినీ కలిపింది. ఖేడా మొదటిదాన్నీ నాలుగోదాన్నీ కలిపింది. నాలుగింటిలోనూ ఒక లోటు మాత్రం ఉమ్మడిగా ఉంది. ఏ వేళ ఎవరి ఇంట్లో ఎవరు టీవీ ముందు ఉంటారన్నది ఏ వాదానికీ ముఖ్య ప్రశ్న కాలేదు.

గడియారం సంగతి

ప్రసార వేళ ఎప్పుడూ ఒక జీవన విధానం గురించిన నిర్ణయం. బ్రిటన్‌లో 1957 దాకా సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు టీవీ ప్రసారాలు ఆపేసేవారు, తల్లిదండ్రులు పిల్లలను నిద్రపుచ్చాలని. పగటి ప్రసారాల మీద ఉన్న గంటల పరిమితి అక్కడ 1972లో పోయింది. మన పట్టికలో మధ్యాహ్నం ‘గృహిణుల వేళ’, రాత్రి ఎనిమిది తర్వాత ‘ప్రైమ్ టైమ్’. ఇది పదింటికి ఆఫీసుకు వెళ్లి ఆరింటికి తిరిగొచ్చే ఇంటి లెక్క.

కోయిలకుంట్ల వైపు లెక్క వేరు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలో పొలం పనీ ఉపాధి పనీ తెల్లవారుజామునే మొదలై ఎండ ముదిరేలోగా ముగుస్తాయి. మధ్యాహ్నం ఆడా మగా ఇంటిపట్టున ఉండే వేళ అది. సంక్రాంతి దాటి శనగ కోతలు పడ్డాక అదే ఇల్లు పగలంతా ఖాళీ, సాయంత్రం అలసిపోయిన మనుషులకు మిగిలేది అరగంట. ఒక్క పట్టికతో ఏడాదంతా నడిపితే రెండు కాలాల్లోనూ గురి తప్పుతుంది.

విషయం కూడా అంతే. ఇక్కడ శనగను వానలు ఆగాక, అక్టోబరు-నవంబరుల్లో, రేగడిలో మిగిలిన పదునులో విత్తుతారు. తర్వాత మంచే ఆధారం. విత్తాక తుపాను వాన పడితే ఏం చేయాలి, ఎండుతెగులు ఎలా గుర్తించాలి, ఏ రకం వేయాలి అన్నవి వారాల్లో తేలాల్సిన ప్రశ్నలు. ఏళ్లుగా నడిచిన జేజీ-11 పక్కన, యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 రకాన్ని నంద్యాల పరిశోధన కేంద్రం అందించింది. 1906 నుంచి ఉన్న ఆ కేంద్రం కోయిలకుంట్లకు పొరుగునే ఉంది. ఆ శాస్త్రవేత్త, ఈ రైతు ఒకే తెరమీద, విత్తడానికి పది రోజుల ముందు మాట్లాడుకుంటే చాలు. కాలువ కింది వరి గురించిన కార్యక్రమం అదే వేళ ఎంత బాగా వచ్చినా మెట్ట రైతుకు ఉపయోగం లేదు.

ఇంకా తేలని ప్రశ్నలు

*డబ్బు.* బ్రిటన్‌లో బీబీసీకి, జపాన్‌లో ఎన్‌హెచ్‌కేకి ప్రేక్షకులు కట్టే రుసుము ఆధారం. మన దగ్గర టీవీ లైసెన్సు రుసుము 1980ల నడుమ ఎత్తేశారు. అప్పటినుంచి కేంద్ర ప్రభుత్వ గ్రాంటు, ప్రకటనలు, ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్లకు చోటు వేలం వేయగా వచ్చే ఆదాయం ఆధారం. 2023 జనవరిలో ప్రసార సదుపాయాల ఆధునికీకరణకు కేంద్రం రూ.2,539.61 కోట్లు ఆమోదించింది. పరికరాలకు డబ్బు వచ్చింది. జిల్లాల్లో కార్యక్రమాలు తయారుచేసే మనుషులకు ఎంత అన్నది దాంతో తేలలేదు.

*కొలత.* ప్రేక్షకుల సంఖ్య ఒక్కటే కొలత అయితే మెట్ట రైతు కార్యక్రమం ఎప్పుడూ ఓడుతుంది. నేర్చినది కొలవాలంటే సైట్ తరహా క్షేత్ర అధ్యయనం కావాలి. రెంటికీ మధ్య కొత్త కొలత అవసరం.

*ఫోను.* చేతిలో యూట్యూబ్ ఉన్నప్పుడు వేళకు కూర్చోవాల్సిన పనేముంది అని అడిగేవాళ్లున్నారు. యువకులకు అది నిజం. కానీ వెతకడం తెలిసినవాళ్లకే ఫోను పనికొస్తుంది. చదువురాని పెద్దలకు, ఇంట్లో ఫోను మగవాళ్ల చేతిలో ఉండే ఆడవాళ్లకు, వేళకు వచ్చే కార్యక్రమం ఇంకా అవసరమే.

*నడిపేది ఎవరు.* విజయవాడలోని కేంద్రం రాయలసీమ గంట తయారుచేస్తే అది సీమ గురించిన కార్యక్రమం అవుతుంది. సీమలో తయారైతేనే సీమ కార్యక్రమం. ఈ తేడా రాష్ట్ర విభజన తర్వాత మరింత పెరిగింది, చర్చ మాత్రం పెరగలేదు.

తూకం వేస్తే

నాలుగు వాదాల్లో ఏదీ తప్పు కాదు, ఏదీ ఒంటరిగా చాలదు. బోధన వాదం నుంచి ఉద్దేశాన్ని, వినోద వాదం నుంచి చెప్పే నేర్పును, స్వతంత్ర వాదం నుంచి నిర్భయాన్ని తీసుకోవాలి. వాటిని నిలబెట్టే నేల మాత్రం స్థానిక వాదమే ఇవ్వగలదు. ప్రైవేటు ఛానల్ అమ్ముకోలేని అరగంట ప్రతి జిల్లాలోనూ ఉంటుంది. ఆ అరగంటను నింపడమే ప్రజా టెలివిజన్ ఉనికికి సమర్థన. మిగతా వేళల్లో అది ఎవరితో పోటీ పడినా, పడకపోయినా ఫర్వాలేదు.

చేయాల్సినవి మూడు. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం ప్రాంతాలకు సప్తగిరిలో రోజుకు అరగంట కేటాయించి, దాన్ని సీమలోనే తయారుచేయాలి. వేసవిలో మధ్యాహ్నం, కోతల కాలంలో సాయంత్రం వచ్చేలా పంటల క్యాలెండర్ ప్రకారం వేళ మార్చాలి. ఏం రావాలో చెప్పే సలహా సంఘంలో సగం మంది పొదుపు సంఘాల మహిళలు, కౌలు రైతులు ఉండాలి. వీటికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు.

సీమ పాఠకులు ఈ డిమాండును తమ పార్లమెంటు సభ్యుడి ముందు, విజయవాడ కేంద్రం ముందు లిఖితపూర్వకంగా పెట్టాలి. వచ్చే శనగ విత్తే కాలానికి ముందే ఆ అరగంట మొదలు కావాలి.